తొలగింపు రహిత శుద్ధి

చెత్తబుట్టలు మాయమైన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ ఉదయం పదిన్నరకు నా చేతిలో అరటి తొక్క ఉంది. ముప్పై ఏళ్ళుగా మెట్ల కింద ఉండే నీలం బుట్ట దగ్గరికి నా కాళ్ళు వాటంతట అవే నడిచాయి. అక్కడ బుట్ట లేదు. బుట్ట ఉండిన చోట గుండ్రటి మరక, దాని పైన గోడకు అంటించిన ఒక కాగితం ఉన్నాయి.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, మన సంస్థ నేటినుండి శూన్య వ్యర్థ సంస్థగా ప్రకటించబడినది. ప్రాంగణమునందు ఉత్పన్నమగు ఏ వ్యర్థమును ఏ రూపమునను పారవేయరాదు. ప్రాంగణము వెలుపలికి తీసికొనిపోరాదు. ఉల్లంఘించువారిపై తగు చర్య తీసికొనబడును."

నా పేరు మస్తానయ్య. నెల్లూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నీషియన్ని. మా డైరెక్టర్ డాక్టర్ వేదాచలం గారు ఏదో కొండ ఊళ్ళో అయిదు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడెవరో ఆయనకు కమలాపండు తొక్కలతో చేసిన పెన్నుల స్టాండు బహూకరించారు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ కొత్త మాట విన్నా వారం రోజులు ఆయనకు నిద్ర పట్టదు, ఎనిమిదో రోజు నుంచి మాకు పట్టదు.

తీసేసిన బుట్టలు నలభై ఆరు. చెత్తే లేని సంస్థలో చెత్తబుట్ట ఎందుకూ పనికిరాదు కనుక బుట్ట కూడా చెత్తే. చెత్త కాబట్టి పారేయకూడదు. అందుకని నలభై ఆరు బుట్టల్నీ సెమినార్ హాల్లో పేర్చి, తలుపుకు 'సంరక్షణ మందిరం' అని బోర్డు పెట్టారు. సెమినార్లు వరండాలోకి మారాయి. గేటు దగ్గర సంచులు వెతకడం మొదలైంది. లోపల తిన్నదాని తొక్క బయటికి పోకూడదు కనుక మా వాళ్ళు వేరుశనక్కాయలు గేటు బయటే నిలబడి తిని, చేతులు దులుపుకుని లోపలికి వచ్చేవాళ్ళు. నా అరటి తొక్క నా సొరుగులోనే ఉండిపోయింది. అది నల్లబడి ఎండిపోయేదాకా నేను సొరుగు తెరవలేదు.

దీనంతటినీ చూసుకోవడానికి వ్యర్థ పరిరక్షణ సంఘం ఒకటి వేశారు. అధ్యక్షులు పరిపాలనాధికారి పరాంకుశం గారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. ప్రతి వ్యర్థానికీ ఒక నంబరిచ్చి, పుస్తకంలో ఎక్కించి, పచ్చటి స్టిక్కరు మీద ఆ నంబరు రాసి, సంతకం పెట్టి అంటించడం నా పని. ఒకటో నంబరు నేను నా అరటి తొక్కకే ఇచ్చుకున్నాను.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, పెంచల కుమారి లేకపోతే.

పెంచల కుమారి మా ల్యాబులో రిసెర్చ్ స్కాలర్. గూడూరు పిల్ల. వాళ్ళ నాన్న గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయల్ని సైజు వారీగా ఏరే పని చేస్తాడు. ఆ మార్కెట్ వెనక కుళ్ళిన కాయలు పారబోసే గుట్ట ఉంది. అయిదేళ్ళ కిందట ఆ గుట్ట అడుగు నుంచి మట్టి తెచ్చి వెతికితే ఈమెకు ఒక బ్యాక్టీరియా దొరికింది. దాని సంగతి చెప్పాలంటే ముందు విటమిన్ సి సంగతి చెప్పాలి. నిమ్మకాయలో ఉండే ఆ విటమిన్ మహా సుకుమారం. గాలి తగిలినా పాడవుతుంది, వేడి తగిలినా పాడవుతుంది. రొయ్యల మేతలో కలిపితే బస్తా విప్పేలోపే సగం పోతుంది. అది చాలక రొయ్యలకు జబ్బులొస్తాయి, గుంటలు వేసినవాళ్ళు గట్టు మీద కూర్చుని తల పట్టుకుంటారు. ఈ బ్యాక్టీరియాలో ఉన్న ఒక ఎంజైమ్ విటమిన్ సికి ఫాస్ఫేట్ అనే చిన్న ముక్కను తగిలిస్తుంది. అది తాళం వేసినట్టన్నమాట. తాళం పడ్డాక గాలి దాన్నేమీ చేయలేదు. రొయ్య కడుపులోకి పోయాక తాళం ఊడి మళ్ళీ మామూలు విటమిన్ అవుతుంది.

ఆ ఎంజైమ్‌ను వేలకొద్దీ వేరే ప్రోటీన్ల మధ్య నుంచి ఒంటరిగా బయటికి తీయాలి. తీశాక దాని గుణగణాలు తేల్చాలి. బరువెంత, ఎంత వేడిలో పనిచేస్తుంది, ఎంత పులుపును ఓర్చుకుంటుంది, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది. ఇవన్నీ రాసి ఏప్రిల్ ముప్పయ్యో తేదీలోపు థీసిస్ ఇవ్వాలి. ఇవ్వకపోతే విశ్వవిద్యాలయం రిజిస్ట్రేషన్ రద్దు చేస్తుంది, అయిదేళ్ళూ మట్టిలో కలుస్తాయి. అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు, మూడోసారి లేదని రాతపూర్వకంగా చెప్పారు.

మరి శుద్ధి చేయడమంటే ఏమిటి? బియ్యంలో రాయి ఏరడం లాంటిదే, కాకపోతే ఇక్కడ బియ్యం పారేసి రాయి దాచుకోవాలి. ఇరవై లీటర్ల నీళ్ళలో బ్యాక్టీరియాను పెంచుతారు. గిరగిరా తిప్పి, నీళ్ళు పారేసి, అడుగున పేరుకున్న ముద్ద ఉంచుకుంటారు. ముద్దను చిదిపి, పిప్పి పారేసి, రసం ఉంచుకుంటారు. రసంలో ఉప్పు వేసి విరిగినట్టు చేసి, అక్కర్లేనిది పారేసి, కావలసింది ఉంచుకుంటారు. దాన్ని ఇసుకలాంటి పదార్థం నింపిన గాజు గొట్టంలో పోస్తే కింద చుక్క చుక్కగా తొంభై చిన్న ట్యూబుల్లోకి దిగుతుంది. నాలుగు ట్యూబుల్లో ఎంజైమ్ ఉంటుంది, ఎనభై ఆరు పారేస్తారు. ఇరవై లీటర్లతో మొదలుపెడితే చివరికి మిగిలేది ఒకటిన్నర మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో మూడో వంతు. దీనికి రెండు నెలలు పడుతుంది. పారేయడమే ఈ విద్య. పారేయకూడదని మా సర్క్యులర్.

డిసెంబరు నెలాఖరులో వ్యర్థ పరిరక్షణ సంఘం కోల్డ్ రూమ్ తనిఖీకి వచ్చింది. ఎంజైమ్ చెడకుండా నాలుగు డిగ్రీల చలిలో పనిచేసే చిన్న గది అది. పరాంకుశం గారు మంకీ క్యాప్, మఫ్లరు వేసుకుని వచ్చారు. పుస్తకం పట్టుకుని వెనకాల నేను. పెంచల కుమారి స్వెట్టర్ మీద తెల్లకోటు వేసుకుని, గొట్టం కింద ట్యూబులు మారుస్తూ కూర్చుని ఉంది. ఆయన ట్యూబులు లెక్కపెట్టారు. ఎన్నింటిలో ఎంజైమ్ ఉందని అడిగారు. నాలుగింటిలో అంది. మిగతావి ఏం చేస్తావన్నారు. సింకులో పారబోస్తానంది.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి మఫ్లరుతో తుడుచుకున్నారు. "ఎనభై ఆరు ట్యూబులను నిరాకరించుటకు మీకు అధికారం ఎవరిచ్చారు?"

"వాటిల్లో ఎంజైమ్ లేదు సార్. పరీక్ష చేసే చెప్తుండా."

"ఒక్క పర్యాయం పరీక్షించి ఒకరిని పనికిరానివారని తేల్చుట సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం," అన్నారు ఆయన. ఆయన కింది ఉద్యోగుల మీద విచారణలు జరిపీ జరిపీ ఆ భాష ఆయనకు అలవాటైపోయింది.

ఎనభై ఆరు ట్యూబులకూ వారం వారం వ్యవధిలో మూడు అవకాశాలివ్వాలని అక్కడికక్కడే తీర్మానం రాయించారు. పెంచల కుమారి మూడు వారాలు కూర్చుని, లేని ఎంజైమ్ కోసం రెండువందల యాభై ఎనిమిది పరీక్షలు చేసింది. ఏ ట్యూబూ మనసు మార్చుకోలేదు. సంఘం విచారం వ్యక్తం చేసి, వాటిని గౌరవంగా కోల్డ్ రూములోనే భద్రపరచమంది.

అక్కడినుంచి అన్నీ నిలవ ఉండటం మొదలుపెట్టాయి. బ్యాక్టీరియా పెరిగిన నీళ్ళు, పిప్పి, ఉప్పు నీళ్ళు, గొట్టం కడిగిన నీళ్ళు, ఆ గొట్టం కడిగిన నీళ్ళు పోసిన పాత్ర కడిగిన నీళ్ళు. తెల్ల క్యాన్లు ముందు అరలు నింపాయి, తర్వాత నేల నింపాయి, తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఫిబ్రవరికల్లా పెంచల కుమారి కోల్డ్ రూములోకి ఒక పక్కగా, ఊపిరి బిగబట్టి వెళ్ళాల్సి వచ్చేది. సంస్థలో ఉన్న మిగతా ఫ్రిజ్జులన్నీ కూడా అలాగే నిండాయి. క్యాంటీన్ ఫ్రిజ్జులో విరిగిన పాలకు నేను ఆరువందల రెండు అని నంబరిచ్చాను. కొత్త పాలు పెట్టడానికి చోటు లేక అవి కూడా విరిగాయి, వాటికి ఆరువందల మూడు.

ఇంత జరిగినా ఆ పిల్ల ఫిబ్రవరి ఆఖరుకు శుద్ధి పూర్తి చేసింది. బొటనవేలంత ట్యూబులో, అడుగున, ఒకటిన్నర మిల్లీలీటరు. ప్రోటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్ మీద పరీక్షిస్తే ఒకే ఒక్క నీలం గీత కనబడింది. ఒకే గీత అంటే ఒకే ప్రోటీన్, ఇంకే కల్తీ లేదు. ఆమె ముక్కు తుడుచుకుని, గూడూరుకు ఫోన్ చేసి, "నాయనా, దొరికింది" అని మాత్రం అంది. నాకు కళ్ళు చెమర్చాయి. చలికి అనుకోమన్నట్టు నేను అటు తిరిగాను.

మర్నాడు ఆమె ప్రగతి నివేదిక నింపింది. అందులో రెండు గడులున్నాయి. శుద్ధికి ముందు పరిమాణం: ఇరవై లీటర్లు. శుద్ధి తర్వాత పరిమాణం: ఒకటిన్నర మిల్లీలీటరు. సాయంత్రానికి మెమో వచ్చింది. తమ ఆధీనంలోని పదార్థము నూటికి తొంభై తొమ్మిది పాయింట్ తొంభై తొమ్మిది శాతం ఎందువలన క్షీణించినదో, శూన్య వ్యర్థ సంస్థయందు ఇట్టి క్షీణత ఎటుల సంభవించినదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. ఆమె ఒకే ముక్కలో జవాబు రాసింది, శుద్ధి అయినందువలన అని.

డైరెక్టర్ గారు పిలిపించారు. నన్ను కూడా, పుస్తకంతో సహా. టేబుల్ మీద ఎండిపోయిన తొక్కల పెన్నుల స్టాండు ఉంది. అందులో చీమలున్నాయి.

"అమ్మా, నేను శుద్ధికి వ్యతిరేకిని కాను," అన్నారు వేదాచలం గారు. "కానీ పాత పద్ధతిలో ఎందుకు ఆలోచిస్తావు? ఏదో ఒకటి తీసేస్తేనే శుద్ధి అవుతుందనే భావన కాలం చెల్లిన భావన. తీసేయకుండా శుద్ధి చేయి. దేన్నీ వదిలిపెట్టని శుద్ధి. అందరినీ కలుపుకుపోయే శుద్ధి."

"తీసెయ్యకుండా శుద్ధి ఎట్టా అవుద్ది సార్?"

"అది పరిశోధన. పరిశోధకురాలివి నువ్వు."

ఆమె నావైపు చూసింది. నేను పెన్నుల స్టాండులోని చీమల వైపు చూశాను. ఆ రోజు నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది.

పద్ధతిని సంఘమే రూపొందించింది. కోల్డ్ రూములో భద్రపరచిన నీళ్ళు, పిప్పి, ఉప్పు నీళ్ళు, ఎనభై ఆరు ట్యూబులు, అన్నీ ఒక ఇరవై లీటర్ల క్యాన్లో మళ్ళీ కలపాలి. ఖాళీ అయినవాటిని నంబర్లతో సహా అరల్లోనే ఉంచాలి. అసలు ఎంజైమ్ కూడా కలపమన్నారు, ఎంత కలపాలో రాయలేదు. ఇక్కడ మాత్రం పెంచల కుమారి వాళ్ళ మీద దయతలచి ఒక చుక్క కలిపింది. క్యాన్లో చేరింది మొదటి రోజున ఉన్న నీళ్ళే, కాకపోతే మూడు నెలలు మురిగినవి. దాన్ని పరీక్షించి ఫలితం నేనే గుండ్రటి అక్షరాలతో రాశాను. స్వచ్ఛత: లెక్కకు అందనంత తక్కువ. నష్టం: సున్నా. పై అధికారులకు పంపిన నివేదికలో డైరెక్టర్ గారు రెండో వాక్యం మాత్రమే ఉంచారు. మొదటి వాక్యాన్ని తీసేసేందుకు ఆయనకు ఏ అభ్యంతరమూ కలగలేదు.

దానికి తొలగింపు రహిత శుద్ధి అని పేరు పెట్టారు. పత్రికల్లో వచ్చింది. వేదాచలం గారు రెండు సదస్సుల్లో ప్రసంగించారు. క్యాంటీన్‌లోని గాజు తలుపు ఫ్రిజ్జును, కూల్ డ్రింకులు పెట్టేదాన్ని, ముందు హాల్లోకి తెప్పించి, అరలు పీకించి, ఆ క్యాన్ను అందులో నిలబెట్టారు. చుట్టూ రంగుల లైట్లు. పైన బంగారు అక్షరాలతో పలక: 'నూటికి నూరు శాతం శుద్ధ ఎంజైమ్'. తలుపు తెరిస్తే హాలంతా వాసన వచ్చేది కాబట్టి తలుపు తెరవరాదని కూడా రాశారు.

మార్చి మధ్యలో దేశంలోకెల్లా ఉత్తమ శూన్య వ్యర్థ సంస్థను ఎంపిక చేసే బృందం వస్తోందని తెలిసింది. ముందు రోజు పరాంకుశం గారు కోల్డ్ రూమ్ చూడటానికి వచ్చారు. సంస్థ అంతటా ఉన్న ఏడువందల నలభై రెండు పచ్చ స్టిక్కర్లనూ వేలితో లెక్కపెడుతూ వచ్చి, అక్కడ ఆఖరి అరలో ఒక బొటనవేలంత ట్యూబు దగ్గర ఆగారు. దానికి స్టిక్కరు లేదు.

ఇదేమిటన్నారు. పెంచల కుమారి చెప్పింది, అదే ఎంజైమ్ అని. వ్యర్థం కాదు కాబట్టి నంబరు లేదని. నిలవ పరీక్ష ఇరవై రెండో తేదీ మొదలుపెడతానని, ముప్పై రోజులు అది చలిలో కదలకుండా ఉండాలని, అది తప్ప థీసిస్ అంతా పూర్తయిందని ఒక్కో మాటా విడమరచి చెప్పింది.

పరాంకుశం గారు శ్రద్ధగా విన్నారు. విని సర్క్యులర్ తీశారు. "పారవేయరాదన్నది వ్యర్థమును. ఇది వ్యర్థం కాదని మీరే వాంగ్మూలమిచ్చారు. కనుక దీనికి సర్క్యులర్ రక్షణ వర్తించదు. నంబరు లేని వస్తువు కోల్డ్ రూమున ఉండరాదు. కాబట్టి ఈ గదిలో పారవేయుటకు అభ్యంతరం లేని వస్తువు ఇదొక్కటే."

తార్కికంగా అందులో తప్పు వెతకడం కష్టం. నేనిప్పటికీ అప్పుడప్పుడు ప్రయత్నిస్తుంటాను. ఆయన చెయ్యి చాచి ట్యూబు అందుకున్నారు. పెంచల కుమారి రెండు చేతులూ చాచింది. నాకు ఆ క్షణంలో సర్వీసు గుర్తుకు రాలేదు. జేబులోంచి స్టిక్కరు తీసి, ఏడువందల నలభై మూడు అని రాసి, సంతకం పెట్టి, ఆయన చేతిలో ఉన్న ట్యూబుకే అంటించాను. పుస్తకంలో కూడా ఎక్కించాను. వివరం: నిమ్మ సంబంధిత ద్రవం. పరిమాణం: ఒకటిన్నర మి.లీ.

"నమోదులో జాప్యం జరిగింది సార్. నా పొరపాటే."

ఆయన స్టిక్కరు చూశారు, పుస్తకం చూశారు. ఇకమీదట జాగ్రత్త వహించమని చెప్పి ట్యూబును ఎంతో భద్రంగా అరలో పెట్టి వెళ్ళారు. తలుపు మూసుకున్నాక ఆ పిల్ల అరలోకి వంగి స్టిక్కరు చదివింది.

"అయిదేండ్ల కష్టమన్నా. దాని మీద చెత్త అని అంటించినావే," అంది.

"చెత్తయితేనే బతుకుద్ది తల్లీ ఈడ," అన్నాను. అంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

బృందం వచ్చింది, క్యాన్ ముందు ఫోటోలు దిగింది, షీల్డు ఇచ్చింది. ఇరవై రెండో తేదీన నిలవ పరీక్ష మొదలైంది. రోజూ ఉదయం ఆమె ఏడువందల నలభై మూడులోంచి సూదిమొనంత తీసి, పని చేస్తోందో లేదో చూసి, నోట్‌బుక్కులో చుక్క పెట్టేది. చుక్కలు దాదాపు తిన్నగా నడిచాయి. ఎంజైమ్ గట్టిది. నెల రోజులు నిలిస్తే ఏ మేత కంపెనీకైనా పనికొస్తుంది.

షీల్డు తెచ్చినందుకు వేదాచలం గారికి పై పదవి వచ్చి ఢిల్లీ వెళ్ళారు. ఏప్రిల్ మధ్యలో కొత్త డైరెక్టర్ ఇందుశేఖర్ గారు చేరారు. ఆయన కూడా శిక్షణ నుంచే నేరుగా వచ్చారు. వరండాలో సెమినార్ చూశారు, సెమినార్ హాల్లో నలభై ఆరు బుట్టలు చూశారు, క్యాంటీన్లో ముక్కు మూసుకున్నారు. మర్నాడు ఉదయానికల్లా మెట్ల కింద అదే గోడ మీద కొత్త కాగితం ఉంది. మన సంస్థ నేటినుండి వ్యర్థ విముక్త సంస్థగా ప్రకటించబడినది. నంబరు కలిగిన ప్రతి వ్యర్థమును సాయంకాలం అయిదు గంటలలోగా లారీకెక్కించి పారవేయవలెను. ఒక్క నంబరు తగ్గినను కార్యదర్శి బాధ్యుడగును. కోల్డ్ రూమును, ఫ్రిజ్జులన్నిటిని ఖాళీ చేయించి, కడిగించి, తాళము వేయవలెను. ప్రదర్శన వస్తువులకు మాత్రం ఇది వర్తించదు. కింద సంతకం పరాంకుశం గారిదే. డైరెక్టర్లు మారతారు, ఆయన మారరు.

అది నిలవ పరీక్షలో ఇరవై నాలుగో రోజు. ఇంకా ఆరు రోజులుండాలి. మళ్ళీ శుద్ధి చేయాలంటే రెండు నెలలు, గడువు పదిహేను రోజులు.

పెంచల కుమారి పరుగున నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "చెత్తయితేనే బతుకుద్దన్నావు గదన్నా," అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. స్టిక్కరు అంటించింది నేనే. పుస్తకంలో ఎక్కించింది నేనే. ఆ పుస్తకంతోనే సాయంత్రం లారీ దగ్గర నిలబడి నంబర్లు చదవాల్సిందీ నేనే. గేటులోంచి బయటికి తీసుకుపోదామంటే సంచులు వెతుకుతారు. ఇంకో ఫ్రిజ్జులో దాద్దామంటే వాటికీ తాళాలు పడుతున్నాయి. సంస్థ మొత్తంలో ఆ సాయంత్రం చల్లగా ఉండబోయే చోటు ఒక్కటే.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు నేను ముందు హాల్లోకి వెళ్ళాను. దుమ్ము తుడిచే గుడ్డ చేతిలో ఉంటే మా సంస్థలో మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఆమె ట్యూబును మంచులో పెట్టి తెచ్చింది. దాని మీది పచ్చ స్టిక్కరు గోటితో లేపాను, చలికి జిగురు గట్టిపడి సులువుగానే ఊడి వచ్చింది. ఫ్రిజ్జు తలుపు తెరిచాను, వాసనకు ఇద్దరం ఒక అడుగు వెనక్కి వేశాం. ఇరవై లీటర్ల క్యాన్ను బయటికి దించి, ఏడువందల నలభై మూడును దానికి అంటించి, లారీకి పోయే క్యాన్ల వరసలో చేర్చాను. ట్యూబును ఒక చిన్న గాజు గ్లాసులో నిలబెట్టి, ఆ గ్లాసును ఖాళీ ఫ్రిజ్జు నడిమధ్యలో పెట్టాం. కూల్ డ్రింకుకూ ఎంజైమ్‌కూ కావలసిన చలి ఇంచుమించు ఒకటే. పైన పలక అలాగే ఉంది, నూటికి నూరు శాతం శుద్ధ ఎంజైమ్ అని. ఆ పలక పెట్టాక అందులో నిజం ఉండటం అదే మొదటిసారి.

సాయంత్రం లారీ దగ్గర నేను నంబర్లు చదివాను. ఒకటి, అరటి తొక్క. రెండు, మూడు, నాలుగు. ఏడువందల నలభై మూడు అన్నప్పుడు ఇద్దరు మనుషులు మొహాలు పక్కకు తిప్పుకుని క్యాన్ను పైకి ఎత్తారు. ఒక్క నంబరూ తగ్గలేదు.

మర్నాడు పెంచల కుమారి ఆ ఫ్రిజ్జు దగ్గర ఉండగా ఇందుశేఖర్ గారు ముందు హాల్లో ఆగారు. వంగి, కళ్ళజోడు పైకెత్తి చూశారు. నేను గుడ్డతో పలక తుడుస్తూ ఉండిపోయాను.

"ఏదమ్మా ఎంజైమ్? నాకేం కనబడటం లేదే."

పెంచల కుమారి వేలితో చూపించింది. "ఇదే సార్. ఇరవై లీటర్లలో ఉండేది ఇంతే. మిగతాదంతా నిన్న మీరే లారీ ఎక్కించినారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇలాంటి వ్యర్థ విముక్త దృక్పథమే తనకు కావాలని, ప్రతి ఒక్కరూ ఆమెను చూసి నేర్చుకోవాలని పక్కనున్నవాళ్ళతో అన్నారు. లైట్లు ఇంకో రెండు వరసలు పెట్టించమన్నారు. ఆ లైట్ల కిందే ఆ పిల్ల ఆరు రోజులు, పొద్దున్నే, చెప్పులు విప్పి తలుపు తెరిచి సూదిమొనంత తీసుకుని మూసేది. చూసినవాళ్ళు దండం పెట్టుకుంటోందనుకున్నారు. ముప్పయ్యో రోజున ఎంజైమ్‌లో నూటికి తొంభై ఒక్క వంతు శక్తి అలాగే ఉంది. ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం థీసిస్ ఇచ్చి, రశీదు తెచ్చి నాకు చూపించింది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పని అదొక్కటేనేమో అనిపించింది.

మే మొదటి వారంలో నాకు మెమో వచ్చింది, పరాంకుశం గారి నుంచి. వ్యర్థ నమోదు పుస్తకము ప్రకారము ఏడువందల నలభై మూడవ వస్తువు పరిమాణము ఒకటిన్నర మిల్లీలీటరు. లారీ రశీదు ప్రకారము అదే వస్తువు ఇరవై లీటర్లు. తమ ఆధీనంలోని వ్యర్థము ఇన్ని రెట్లు ఎటుల వృద్ధి చెందినదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు గుండ్రటి అక్షరాలతో రాశాను. అయ్యా, సదరు వస్తువు మొదట ఒకటిన్నర మిల్లీలీటరు ఉన్న మాట వాస్తవము. దానిని మన సంస్థ కనిపెట్టిన తొలగింపు రహిత పద్ధతిలో శుద్ధి చేయగా ఇరవై లీటర్లు అయినది.

వారం తర్వాత ఫైలు తిరిగి వచ్చింది. వివరణ సంతృప్తికరముగా ఉన్నది, ఈ పద్ధతిని ఇతర విభాగములకును విస్తరింపజేయవచ్చును అని రాసి, పరాంకుశం గారు సంతకం పెట్టారు.